ఎగుమతికి ఎంత ఇంగ్లిష్ కావాలి?

ప్రశ్న: నేను, మా అన్నయ్య కలిసి కాటన్ సంచులు కుట్టించే చిన్న యూనిట్ నడుపుతున్నాం. ఇన్నాళ్లూ ఎగుమతి చేసే వ్యాపారులకే సరుకు ఇచ్చేవాళ్లం. ఈమధ్య ఒక ప్రదర్శనలో పరిచయమైన జర్మనీ బయ్యర్ నేరుగా మెయిల్ పెట్టారు. అందులో ‘ప్లీజ్ కోట్ సీఐఎఫ్ హాంబర్గ్, ఇన్‌క్లూడింగ్ ఎంఓక్యూ అండ్ లీడ్ టైమ్. పేమెంట్ బై ఎల్‌సీ, 60 డేస్ యూజెన్స్’ అని ఉంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఫోన్‌లో యాప్ పెట్టుకుని రోజూ కొత్త మాటలు బట్టీ పడుతున్నాను, కానీ వాటిలో ఒక్కటీ ఈ మెయిల్‌లో లేదు. స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేరాలా? ముందు భాష నేర్చుకుని ఆ తర్వాతే ఎగుమతి సంగతి చూడాలా? అన్నయ్య మాత్రం ‘ఓకే అని కొట్టి పంపెయ్, తర్వాత చూసుకుందాం’ అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది.

సమాధానం: ముందు మీ అన్నయ్యను ఆపండి. ఆ మెయిల్‌కు ‘ఓకే’ అని పంపితే హాంబర్గ్ దాకా ఓడ కిరాయి మీరే కడతామని, దారిలో సరుకుకు బీమా మీరే చేయిస్తామని, డబ్బు కోసం 60 రోజులు ఆగుతామని మాట ఇచ్చినట్టే. ఇంకా ధర కూడా చెప్పలేదు కాబట్టి ఇప్పటికి మునిగిందేమీ లేదు. కానీ ధర చెప్పే రోజున ఈ మూడూ అందులో కలవకపోతే నష్టం మీకే.

కోర్సు సంగతి చివర్లో చూద్దాం. ఆ మెయిల్ మీకు అర్థం కాకపోవడానికి కారణం మీ తెలుగు మీడియం కాదు. ఇంగ్లిష్ గడ్డ మీద పుట్టి పెరిగిన స్కూల్ టీచర్‌కు కూడా సీఐఎఫ్ అంటే తెలియకపోవచ్చు. నాలుగు వాక్యాలు తడబడకుండా మాట్లాడలేని షిప్పింగ్ గుమాస్తాకు మాత్రం అది కంఠస్థం. ఇది భాషలో భాగమనడం కంటే వృత్తిలో భాగమనడం సరైనది. కుట్టుపనిలో మీకు తెలిసిన మాటలు కుట్టుపని చేస్తూనే వచ్చాయి కదా, ఇవీ అలాగే వస్తాయి. కాబట్టి ‘ముందు భాష, తర్వాత వ్యాపారం’ అనే వరుస వద్దు.

ఎగుమతిలో వాడే మాటలు రెండు రకాలు. ఒక రకం మాటలకు అర్థాన్ని ఎవరో కూర్చుని నిర్ణయించి, నియమాలుగా అచ్చువేశారు. వాటిలో అక్షరం మారినా డబ్బు చేతులు మారుతుంది. మిగతావన్నీ మామూలు మాటలు. వాటిని వచ్చీరాని ఇంగ్లిష్‌లో చెప్పినా పని జరిగిపోతుంది. మీ బయ్యర్‌కు కూడా ఇంగ్లిష్ మాతృభాష కాకపోవచ్చు. మీ వ్యాకరణం తప్పులు ఆయన పట్టించుకోరు, బహుశా గమనించరు కూడా. మీ శక్తంతా మొదటి రకం మీద పెట్టండి. అవి వందల కొద్దీ లేవు.

సీఐఎఫ్ మొదటి రకంలోది. అంతర్జాతీయ వాణిజ్య మండలి అనే సంస్థ 1936లో మొదటిసారి ఇన్‌కోటర్మ్స్ పేరుతో ఇలాంటి మాటల పట్టిక తెచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది ఇన్‌కోటర్మ్స్ 2020. అందులో మొత్తం 11 మాటలు ఉన్నాయి. ఏడు ఏ రవాణాకైనా పనికొస్తాయి, నాలుగు ఓడ, పడవ ప్రయాణాలకే. ఒక్కో మాట వెనుక రెండు ప్రశ్నలు ఉంటాయి: ఖర్చు ఎక్కడిదాకా ఎవరిది, సరుకు పాడైతే నష్టం ఎక్కడిదాకా ఎవరిది. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే అనుకోవడం దగ్గరే చాలామంది బోల్తా పడతారు.

సీఐఎఫ్ హాంబర్గ్ అంటే ఓడ కిరాయి, బీమా మీ ఖర్చుతో హాంబర్గ్ రేవు దాకా. ఇక్కడివరకు అందరికీ తెలుసు. కానీ నష్టం బాధ్యత మాత్రం సరుకు మీ దేశపు రేవులో ఓడ ఎక్కిన క్షణంలోనే బయ్యర్‌కు వెళ్లిపోతుంది. నడిసముద్రంలో సంచులు తడిసిపోతే ఆ నష్టం ఆయనది. మీరు చేయించిన బీమా పాలసీతో క్లెయిమ్ వేసుకోవాల్సింది కూడా ఆయనే. ఖర్చు ఒక చోట, బాధ్యత ఇంకో చోట ఆగడం వింతగా అనిపిస్తుంది గానీ నియమం అదే. ఈ సంగతి తెలియని అమ్మకందారు బయ్యర్ కోపంగా ఫోన్ చేయగానే హడలిపోయి, తనది కాని నష్టాన్ని నెత్తిన వేసుకుంటాడు. ఇంకో కిటుకు కూడా ఉంది. సీఐఎఫ్‌లో మీరు చేయించాల్సింది కనీస బీమా మాత్రమే, సరుకు ధరకు పది శాతం కలిపి, అంటే 110 శాతానికి. ఆ కనీస బీమా అగ్నిప్రమాదం, ఓడ మునక, ఢీకొనడం లాంటి పెద్ద ప్రమాదాలకే పనికొస్తుంది. దొంగతనం లాంటివి అందులోకి రావు. అంతకు మించి కావాలంటే బయ్యర్ ముందే అడగాలి, ఆ ఖర్చును మీరు ధరలో కలపాలి. అడిగారా లేదా అన్నది మెయిల్‌లో చూసుకోండి. మీ మెయిల్‌లో అడగలేదు.

ఎఫ్‌ఓబీ అన్న మాట మీరు ఇప్పటికే విని ఉంటారు. ఓడ ఎక్కించేదాకా ఖర్చు, బాధ్యత రెండూ మీవి, ఆ తర్వాత రెండూ బయ్యర్‌వి. ఇది వినడానికి సులువు. అయితే సరుకు కంటైనర్‌లో వెళ్తుంటే మీరు దాన్ని టెర్మినల్‌లో అప్పగించి వచ్చేస్తారు, ఓడ ఎక్కడానికి ఇంకా రోజులు పట్టవచ్చు. ఆ రోజుల్లో సరుకు మీ కళ్ల ముందు ఉండదు, బాధ్యత మాత్రం మీదే. అందుకే కంటైనర్ సరుకుకు ఎఫ్‌సీఏ అనే మాట (రవాణా కంపెనీకి అప్పగించగానే బాధ్యత బయ్యర్‌కు వెళ్లిపోయేది) వాడమని ఆ వాణిజ్య మండలే చెబుతుంది. అయినా మార్కెట్ అలవాటు కొద్దీ ఎఫ్‌ఓబీ అంటూనే ఉంది. బయ్యర్ అదే కావాలంటే గొడవ పెట్టుకోనక్కర్లేదు, ఏం ఒప్పుకుంటున్నారో తెలిస్తే చాలు. ఏ మాట వాడినా పక్కన ఊరి పేరు, చివర ‘ఇన్‌కోటర్మ్స్ 2020’ రాయండి. ఎందుకంటే అమెరికాలో దేశం లోపలి వ్యాపారంలో ఎఫ్‌ఓబీని వేరే అర్థంలో వాడే అలవాటు ఉంది.

ఇక ఎంఓక్యూ, లీడ్ టైమ్. మొదటిది కనీసం ఎన్ని పీసులు కొనాలన్నది, అంతే. రెండోది పైకి అమాయకంగా కనిపించే మాట. ‘లీడ్ టైమ్ 45 డేస్’ అని రాస్తే ఎప్పటినుంచి 45? బయ్యర్ ఆర్డర్ మెయిల్ పంపిన రోజు నుంచి లెక్క వేసుకుంటారు. మీరేమో శాంపిల్ ఓకే అయి, ఎల్‌సీ చేతికి వచ్చాక లెక్క మొదలుపెడతారు. మధ్యలో మూడు వారాలు తేడా వస్తే ఇద్దరూ ఎదుటివారిది మోసం అనుకుంటారు. కాబట్టి ‘45 డేస్ ఫ్రమ్ రిసీట్ ఆఫ్ ఎల్‌సీ’ అని మొదలు ఎక్కడో, ‘రెడీ ఫర్ షిప్‌మెంట్’ అని చివర ఎక్కడో రెండూ రాయండి.

ఎల్‌సీ అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్. బయ్యర్ తరఫున ఆయన బ్యాంకు ఇచ్చే హామీ పత్రం: నేను చెప్పిన కాగితాలు చెప్పినట్టు తెస్తే డబ్బు ఇస్తాను అని. యూజెన్స్ అంటే డబ్బు వెంటనే కాకుండా గడువు మీద ఇవ్వడం. వెంటనే ఇచ్చేది ‘ఎట్ సైట్’. మీ మెయిల్‌లో ఒక లోపం ఉంది: 60 రోజులు ఎప్పటినుంచో చెప్పలేదు. బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు అందుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రం) తేదీ నుంచా, కాగితాలు బ్యాంకు చూసిన రోజు నుంచా? రెండింటికీ వారం, పది రోజులు తేడా రావచ్చు. అడగండి. అడగడం చేతకానితనం కాదు, అడిగినవాళ్లకు పని తెలుసని బయ్యర్ అనుకుంటారు.

ఎల్‌సీ పేరు వింటే చాలామందికి భయం. నిజానికి ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం లేదు. ఎందుకంటే ఇక్కడ చిన్న చిన్న మాటలకు కూడా అర్థం రాసిపెట్టి ఉంది. యూసీపీ 600 అనే నియమావళి 2007 జూలై 1 నుంచి అమల్లో ఉంది. మీకు వచ్చే ఎల్‌సీ మీద ఆ పేరు దాదాపు తప్పకుండా ఉంటుంది. అందులో ‘అబౌట్’ అంటే పది శాతం అటూ ఇటూ. ఎల్‌సీలో ‘అబౌట్ 5000 పీసెస్’ అని ఉంటే 4500 నుంచి 5500 దాకా పంపవచ్చు. ‘అబౌట్’ లేకుండా ఉత్త 5000 పీసులని ఉంటే సరిగ్గా 5000 పంపాలి. షిప్‌మెంట్ తేదీల్లో ‘అంటిల్ 20 మే’ అంటే 20వ తేదీ కలుస్తుంది, ‘బిఫోర్ 20 మే’ అంటే 19తోనే ఆఖరు. ‘ఆన్ ఆర్ అబౌట్ 20 మే’ అంటే ఐదు రోజులు ముందు, ఐదు రోజులు వెనక. ‘ఎండ్ ఆఫ్ మే’ అంటే 21 నుంచి 31 దాకా. మన స్కూల్ ప్రిపోజిషన్ల పాఠం ఇంత డబ్బు తెచ్చిపెడుతుందని ఏ మాస్టారూ చెప్పలేదు!

ఇంకో తమాషా. మెయిల్స్‌లో అందరూ తెగ రాసే ‘యాజ్ సూన్ యాజ్ పాసిబుల్’, ‘ఇమీడియట్లీ’, ‘ప్రాంప్ట్’ ఇవన్నీ ఎల్‌సీలో కనిపిస్తే బ్యాంకు అసలు పట్టించుకోదు. నియమమే అలా ఉంది. తేదీ లేని తొందరకు విలువ లేదని వాళ్ల లెక్క. మీరూ మీ మెయిల్స్‌లో తేదీతోనే మాట్లాడండి.

స్కూల్లో ఒకే మాట పదేపదే వాడొద్దు, మార్చి మార్చి రాయమని నేర్పుతారు. ఇక్కడ దాన్ని మర్చిపోండి. ఎల్‌సీలో సరుకు పేరు ‘కాటన్ షాపింగ్ బ్యాగ్స్’ అని ఉంటే ఇన్‌వాయిస్‌లో కూడా అక్షరాలా అదే. అందం కోసం ‘కాటన్ క్యారీ బ్యాగ్స్’ అని రాశారో, బ్యాంకు దాన్ని ‘డిస్క్రెపెన్సీ’, అంటే తేడా ఉంది అని పక్కన పెట్టవచ్చు. అప్పుడు డబ్బు ఆగుతుంది, బయ్యర్ ఒప్పుకుంటే తప్ప కదలదు. కాగితాలు చూడటానికి బ్యాంకుకు ఐదు పని దినాలు ఉంటాయి. ఎల్‌సీలో వేరే గడువు లేకపోతే, షిప్‌మెంట్ అయిన 21 రోజుల్లోగా, ఎల్‌సీ గడువు తీరకముందే మీరు వాటిని బ్యాంకులో ఇవ్వాలి. ఈ రెండు అంకెలు గోడ మీద రాసి పెట్టుకోండి.

మీరు యాప్‌లో బట్టీ పడుతున్న కొత్త మాటల కంటే మీకు ఇప్పటికే వచ్చనుకునే పాత మాటలే ఎక్కువ ప్రమాదం. తెలియని మాట దగ్గర మనిషి ఆగుతాడు, ఎవరినో అడుగుతాడు. తెలిసిన మాట మీదుగా దాటిపోతాడు. ఉదాహరణకు ‘డిస్కౌంట్’. మీ బ్యాంకు మేనేజర్ ‘బిల్ డిస్కౌంట్ చేస్తాం’ అంటే ధర తగ్గించమని కాదు. 60 రోజుల తర్వాత రావాల్సిన డబ్బును వడ్డీ పట్టుకుని ఇప్పుడే ఇస్తామని. మీకు చేతిలో డబ్బు తక్కువైతే బయ్యర్ అడిగిన యూజెన్స్‌కు ఒప్పుకోవడానికి దారి ఇదే, ఆ వడ్డీని ధరలో కలుపుకోవాలి. అలాగే ‘డ్రాఫ్ట్’ అంటే చిత్తు ప్రతి కాకుండా డబ్బు చెల్లించమని రాసే బిల్లు కావచ్చు. ‘నెగోషియేషన్’ అంటే బేరం అనుకుంటాం, ఎల్‌సీలో మాత్రం మీ కాగితాలను బ్యాంకు కొనుక్కుని డబ్బు ఇవ్వడం. ‘బెనిఫిషియరీ’ ఎవరో మూడో మనిషి కాదు, మీరే. ‘క్లీన్ బిల్ ఆఫ్ లేడింగ్’ అంటే సరుకు గానీ ప్యాకింగ్ గానీ దెబ్బతిన్నట్టు ఓడ కంపెనీ ఏ మాటా రాయని పత్రం. ‘ఫ్రైట్ కలెక్ట్’ అని ఉంటే కిరాయి అవతలి రేవులో వసూలు చేస్తారు. మీరు సీఐఎఫ్‌కు అమ్మి బిల్ ఆఫ్ లేడింగ్ మీద ‘ఫ్రైట్ ప్రీపెయిడ్’ బదులు ‘కలెక్ట్’ అని పడితే ఆ కాగితం బ్యాంకులో తిరిగొస్తుంది.

‘యాక్సెప్టెన్స్’ గురించి విడిగా చెప్పాలి. కొందరు బయ్యర్లు ఎల్‌సీ బదులు డీఏ అడుగుతారు, డాక్యుమెంట్స్ అగెనెస్ట్ యాక్సెప్టెన్స్. బయ్యర్ బిల్లు మీద ‘ఫలానా తేదీకి కడతాను’ అని సంతకం పెట్టి కాగితాలు తీసుకుని సరుకు విడిపించుకుంటారు. బ్యాంకు మధ్యలో ఉంది కదా అని మీరు ధైర్యంగా ఉంటారు. కానీ అక్కడ బ్యాంకు పోస్ట్‌మ్యాన్ పని మాత్రమే చేస్తుంది, హామీ ఇవ్వదు. కొత్త బయ్యర్‌తో డీఏ వద్దని నా అభిప్రాయం. డీపీలో, అంటే డాక్యుమెంట్స్ అగెనెస్ట్ పేమెంట్‌లో, కనీసం బయ్యర్ డబ్బు కట్టాకే కాగితాలు ఆయన చేతికి వస్తాయి.

అంకెలు కూడా భాషే. జర్మనీలో పదిహేను వందలను 1.500 అని చుక్కతో రాస్తారు, అదే ఇంకొకరికి ఒకటిన్నర. 05/06 అంటే కొందరికి జూన్ 5, కొందరికి మే 6. కాబట్టి నెల పేరు అక్షరాల్లో రాయండి. డాలర్ అని వదిలేయకండి, చాలా దేశాలకు డాలర్ ఉంది, యూఎస్‌డీ అని రాయండి. టన్ను అంటే 1000 కిలోలు అనుకుంటాం, అమెరికన్ టన్ను 907 కిలోలే. నెట్ వెయిట్ సరుకు బరువు, గ్రాస్ వెయిట్ ప్యాకింగ్‌తో కలిపి. మీవి సంచులు కాబట్టి బరువు కంటే ఘనపరిమాణమే ఎక్కువ లెక్కకొస్తుంది. ఫార్వర్డర్ (సరుకు రవాణా ఏర్పాట్లు చూసే ఏజెంట్) ‘ఎన్ని సీబీఎం’ అని అడిగితే క్యూబిక్ మీటర్లు చెప్పాలి.

ఇవన్నీ ఎలా గుర్తుంటాయంటారా? అక్షర క్రమంలో పదాల పట్టిక పెట్టుకుని కూర్చుంటే గుర్తుండవు. ఒక సరుకు కదిలే దారిలో కాగితాలు ఏ వరుసలో పుడతాయో ఆ వరుసలోనే నేర్చుకోండి: ఎంక్వైరీ, కొటేషన్, ప్రొఫార్మా ఇన్‌వాయిస్, పర్చేజ్ ఆర్డర్, ఎల్‌సీ, కమర్షియల్ ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, బిల్ ఆఫ్ లేడింగ్, సర్టిఫికెట్ ఆఫ్ ఒరిజిన్. మీరు ఇన్నాళ్లూ సరుకు ఇచ్చిన వ్యాపారినో, ఫార్వర్డర్‌నో పాత ఎగుమతి కాగితాల సెట్ ఒకటి అడగండి. పేర్లు, ధరలు కొట్టేసి ఇమ్మనండి, ఇస్తారు. నోట్‌బుక్‌లో ఒక్కో కాగితానికి ఒక పేజీ. ప్రతి మాట పక్కన తెలుగు అర్థం రాయడం కంటే ఈ పని ఎవరు చేయాలి, డబ్బు ఎవరు కట్టాలి, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అని రాయండి. ‘డెమరేజ్’ పక్కన ‘ఆలస్య రుసుము’ అని రాసుకుంటే పరీక్ష పాసవుతారు. ‘కంటైనర్ ఉచిత రోజులు దాటి రేవులోనే ఉంటే కట్టేది డెమరేజ్, బయటికి తెచ్చి ఖాళీది ఆలస్యంగా తిరిగిస్తే అది డిటెన్షన్’ అని రాసుకుంటే డబ్బు మిగులుతుంది.

మెయిల్స్ రాయడానికి ఏఐ, అనువాదం యాప్‌లు వాడుకోండి, తప్పేం లేదు. పలకరింపులు, కృతజ్ఞతలు అవే చక్కగా రాస్తాయి. కానీ మీరు ‘ప్రయత్నిస్తాం’ అన్నదాన్ని అవి ‘వుయ్ విల్’ అని మార్చాయేమో చూసుకోండి. ‘వుయ్ విల్ షిప్ బై 20 మే’ మాట ఇవ్వడం, ‘వుయ్ ఎక్స్‌పెక్ట్ టు షిప్’ అంచనా చెప్పడం. బయ్యర్ ఫిర్యాదు చేసినప్పుడు కూడా అంతే. ‘సారీ, అవర్ మిస్టేక్’ అని మర్యాద కోసం రాయకండి, ‘ప్లీజ్ సెండ్ ఫొటోస్, వుయ్ విల్ చెక్’ అంటే చాలు. ‘నోటెడ్’ అనే మాట కూడా మానేయండి. చూశాం అని మీ ఉద్దేశం, ఒప్పుకున్నారని వాళ్ల ఉద్దేశం.

మీ జర్మనీ మెయిల్‌కు జవాబు ఇంత చాలు: ‘థాంక్యూ ఫర్ యువర్ ఎంక్వైరీ. ప్లీజ్ కన్ఫర్మ్: క్వాంటిటీ, బ్యాగ్ సైజ్, అండ్ వెదర్ 60 డేస్ ఈజ్ ఫ్రమ్ బిల్ ఆఫ్ లేడింగ్ డేట్. వుయ్ విల్ దెన్ సెండ్ అవర్ ప్రైస్, ఎఫ్‌ఓబీ అండ్ సీఐఎఫ్.’ రెండు ధరలూ ఇస్తే కిరాయి ఎంత పడుతుందో ఆయనకే కనిపిస్తుంది. సీఐఎఫ్ ధర చెప్పేముందు ఫార్వర్డర్ దగ్గర ఆ రోజు కిరాయి తెలుసుకోండి. అది మారుతూ ఉంటుంది కాబట్టి ‘వ్యాలిడ్ అంటిల్’ అని తేదీ తప్పనిసరి. ఆయన ‘ధర ఐదు శాతం తగ్గిస్తే ఓకే’ అంటే ఆర్డర్ వచ్చిందని బట్ట కొనేయకండి, అది ఆయన తిరిగి పెట్టిన ఆఫర్ మాత్రమే.

కోర్సు గురించి. చేరండి, కానీ ఫోన్‌లో మాట్లాడటం కోసం చేరండి, ఎగుమతి మాటల కోసం కాదు. అవి అక్కడ చెప్పరు. ఫోన్‌లో మీకు ముందు ఇబ్బంది పెట్టేవి అంకెలే. ఫిఫ్టీన్, ఫిఫ్టీ వినడానికి ఒకటే, అందుకే ‘వన్ ఫైవ్’, ‘ఫైవ్ జీరో’ అని విడగొట్టి చెప్పడం అలవాటు చేసుకోండి. పేర్లు అక్షరం అక్షరంగా చెప్పడానికి ఆల్ఫా, బ్రావో, చార్లీ వరుస నేర్చుకోండి, విమానాల వాళ్లు వాడేదే. ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో మాట్లాడుకున్న అంకెలు, తేదీలు మెయిల్‌లో పెట్టి ‘ప్లీజ్ కన్ఫర్మ్’ అని రాయండి. ఆయన నుంచి జవాబు వచ్చేదాకా కుట్టు మొదలుపెట్టొద్దని మీ అన్నయ్యకు చెప్పండి.